ఒకే ప్రచురణకర్త, రెండు వైపులా పుస్తకాలు: 17వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో ఆడవాళ్ల నడవడి మీద అచ్చయినవి ఎంతవరకు నమ్మాలి?

పాతకాగితం

1615లో లండన్‌లో ఒక పుస్తకం వచ్చింది. రాసినవాడు జోసెఫ్ స్వెట్నమ్, కత్తిసాము నేర్పే గురువు. మొదట మారుపేరుతో వేశాడు. ఆడవాళ్లు సోమరులు, నిలకడ లేనివాళ్లు, మొగుడి సంపాదన తగలేసేవాళ్లు అంటూ పేజీల కొద్దీ తిట్లు. ఆదాము పక్కటెముక వంకర కాబట్టి దాంతో పుట్టిన ఆడదాని బుద్ధీ వంకరే అన్నది అందులో బాగా పేరుపడ్డ వాదన. పుస్తకం జోరుగా అమ్ముడుపోయింది, తర్వాత ఇరవై ఏళ్లపాటు మళ్లీ మళ్లీ అచ్చవుతూనే ఉంది.

1617లో దానికి రేచెల్ స్పెయిట్ జవాబు రాసింది. లండన్‌లో ఒక మతగురువు కూతురు, వయసు ఇరవైకి అటూ ఇటూ. మారుపేరు చాటున దాక్కోకుండా సొంత పేరుతోనే వేసింది. స్వెట్నమ్ తర్కంలో లొసుగులు, వ్యాకరణంలో తప్పులు వరసపెట్టి ఎత్తి చూపింది. అతని ఎముకనే అతని మీదికి తిప్పింది కూడా: దేవుడు స్త్రీని మగవాడి తల నుంచి తీయలేదు కాబట్టి ఆమె అతనికి పైన కాదు, పాదం నుంచి తీయలేదు కాబట్టి కింద కాదు, గుండె పక్క నుంచి తీశాడు కాబట్టి సమానం అంది.

ఇక్కడొక సంగతి నన్ను వదలడం లేదు. స్వెట్నమ్ పుస్తకం వేయించింది థామస్ ఆర్చర్ అనే ప్రచురణకర్త. స్పెయిట్ జవాబు వేయించిందీ అదే థామస్ ఆర్చర్. అదే ఏడాది ఈస్టర్ సవర్నమ్, కాన్స్టాంషియా ముండా అన్న మారుపేర్లతో మరో రెండు జవాబులు వచ్చాయి. 1620లో స్వెట్నమ్‌ని ఆడవాళ్లే కోర్టుకు ఈడ్చే నాటకం కూడా అచ్చయింది. తిట్టు అమ్ముడుపోతుంది, తిట్టుకు జవాబూ అమ్ముడుపోతుంది, ఇద్దరినీ ఎగతాళి చేసినా అమ్ముడుపోతుంది.

కాబట్టి ఆ కాలపు నడవడి పుస్తకాలు చదివి "ఇంగ్లండ్‌లో ఆడవాళ్లు నోరెత్తకుండా, గడప దాటకుండా బతికారు" అని తేల్చేసే వ్యాసాలతో నాకు పేచీ ఉంది. ఇలా ఉండాలి అని అంత గట్టిగా, అన్నిసార్లు చెప్పాల్సి వచ్చిందంటే అలా ఉండనివాళ్లు చాలామందే ఉండి ఉంటారు. ఆ పుస్తకాలు మనకి ఇచ్చేది రాసినవాళ్ల బెంగ, అమ్మినవాళ్ల లెక్క. రోజువారీ బతుకు కావాలంటే ఇంకోచోట వెతకాలి. మీరేమంటారు?

వరంగల్_కుర్రాడు

చాలా ఆసక్తిగా ఉందండి. ఒక ప్రశ్న. అసలు ఈ పుస్తకాలు కొనేదెవరు? అప్పట్లో ఆడవాళ్లకి చదువు వచ్చా? ధర ఎంత ఉండేది?

నిశిరాత్రి

@వరంగల్_కుర్రాడు, ఇంగ్లండ్‌లో చర్చి కోర్టు కాగితాల మీద పరిశోధన చేస్తున్నాను, తెలిసినంత చెబుతాను.

డేవిడ్ క్రెస్సీ అనే చరిత్రకారుడు సంతకాలు లెక్కపెట్టాడు. 1640ల నాటికి మగవాళ్లలో సుమారు 30 శాతం, ఆడవాళ్లలో సుమారు 10 శాతం మందే తమ పేరు రాయగలిగారు, మిగతావాళ్లు గుర్తు పెట్టారు. ఈ అంకె ఒక్కటే చూస్తే పాఠకురాళ్లు లేరనిపిస్తుంది. కానీ అప్పటి బడిలో చదవడం ముందు, రాయడం తర్వాత. ఆరేడేళ్లకి అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్పేవారు. రాత మొదలయ్యే ఈడుకి పేదింటి పిల్లలు పనిలోకి వెళ్లిపోయేవారు, ఆడపిల్లలకైతే రాత బదులు కుట్టుపని, అల్లిక నేర్పేవారు. బైబిలు చదవగలిగి, సంతకం పెట్టలేని ఆడవాళ్లు ఎంతమందో ఈ లెక్కలోకి రారు. మార్గరెట్ స్పఫర్డ్ అనే చరిత్రకారిణి ఈ విషయం మీద బాగా పనిచేశారు.

ధర విషయానికొస్తే, ఒకే కాగితం మీద అచ్చేసిన పాట ఒక పెన్నీ. చిన్న పుస్తకం కొన్ని పెన్నీలు. దక్షిణ ఇంగ్లండ్‌లో కూలీకి రోజుకు వచ్చేది సుమారు 8 పెన్నీలు. పుస్తకం కొనడం ఆలోచించాల్సిన పని, పాట కాగితం మాత్రం అందుబాటులోదే. వాటిని సారా అంగళ్ల గోడలకి, ఇళ్లలో గోడలకి అంటించేవారు. చదవడం రానివాళ్లు విని నేర్చుకునేవారు. గయ్యాళి పెళ్లాం, మోసపోయిన మొగుడు, ఇవి ఆ పాటల్లో నిత్యం తిరిగే సరుకు.

ఒక పాఠకురాలి పేరు కూడా చెప్పాలి. స్టాఫర్డ్‌షర్‌లో ఫ్రాన్సెస్ వుల్ఫ్రెస్టన్ అనే ఇల్లాలు ఉండేది, 1677లో చనిపోయింది. నాటకాలు, పాటలు, హాస్య పుస్తకాలు, మతగ్రంథాలు చాలా పోగుచేసింది. ఒక్కో పుస్తకం మీద "ఫ్రాన్సెస్ వుల్ఫ్రెస్టన్ పుస్తకం" అని తన చేత్తో రాసుకుంది. షేక్స్‌పియర్ రాసిన వీనస్ అండ్ అడోనిస్ కావ్యం 1593 మొదటి ముద్రణ ప్రతి ఇవాళ ప్రపంచంలో ఒక్కటే మిగిలింది, ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో. అది ఈమె దాచిన ప్రతే.

లా_పాయింట్

పాతకాగితం గారూ, మీ వాదన సగం వరకే నడుస్తుంది.

పుస్తకాలు బెంగతో రాశారు, డబ్బు కోసం అమ్మారు, ఒప్పుకుంటాను. కానీ వాటి వెనక చట్టం ఉందండీ. 1632లో ఆడవాళ్ల హక్కుల మీద ఒక న్యాయగ్రంథం లండన్‌లో అచ్చయింది. ఆడవాళ్లంటే పెళ్లయినవాళ్లు లేదా పెళ్లి కాబోయేవాళ్లు, అంతే, అని అందులో ఉంది. పెళ్లి అయిన క్షణం నుంచి కామన్ లా, అంటే రాజు కోర్టుల్లో నడిచే దేశపు మామూలు చట్టం, దాని దృష్టిలో భార్యకి విడిగా ఉనికి లేదు. ఆమె నగలు, నగదు, సామాన్లు మొగుడివి. ఆమె పేరు మీద భూమి ఉంటే కాపురం సాగినంత కాలం దాని రాబడి అతని చేతిలో. సొంతంగా ఒప్పందం చేసుకోలేదు, దావా వేయలేదు.

దాని మీద ప్రసంగ పీఠం. 1563 నుంచి పెళ్లి గురించి ఒక అధికారిక ప్రసంగపాఠం చర్చిల్లో చదివేవారు. భార్య లోబడి ఉండాలి అన్నది దాని సారం. చర్చికి వెళ్లకపోతే జరిమానా ఉన్న దేశం అది. పుస్తకం కొననివాళ్లకి, అక్షరం రానివాళ్లకి కూడా ఆ మాట చెవిన పడేది.

ఇంకొకటి. 1655లో రాల్ఫ్ గార్డినర్ అనే ఆయన న్యూకాసిల్ పురపాలకుల దౌర్జన్యాల మీద ఒక పుస్తకం వేశాడు. అందులో ఒక చెక్క అచ్చు బొమ్మ ఉంది. యాన్ బిడిల్‌స్టన్ అనే ఆమె తలకి ఇనప పట్టీల చట్రం బిగించి, నాలుక కదలకుండా నోట్లో ఇనప ముక్క పెట్టి, తాడు కట్టి వీధుల్లో నడిపిస్తున్నారు. గయ్యాళితనానికి శిక్ష. గార్డినర్ దాన్ని ఖండిస్తూనే వేశాడు. కానీ జరిగింది కదా. "ఎవరూ పాటించలేదు కాబట్టే అన్నిసార్లు చెప్పారు" అనుకుంటే, ఆ చట్రం కింద నలిగిన మనిషిని ఎక్కడ పెడతారు?

పాతకాగితం

లా_పాయింట్ గారూ, చట్టం లేదని నేను అనలేదు. ఆ చట్టాన్ని, ఆ ప్రసంగాన్ని విన్నవాళ్లు ఏం చేశారన్నది నా ప్రశ్న.

విలియం గౌజ్ తెలుసు కదా. లండన్ బ్లాక్‌ఫ్రయర్స్‌లో ప్యూరిటన్ (నియమనిష్ఠలు గట్టిగా పట్టే ప్రొటెస్టెంటు వర్గం) మతగురువు. సంసార ధర్మాల మీద 1622లో ఆయన వేసిన పెద్ద పుస్తకం నడవడి పుస్తకాలన్నిటికీ పెద్దన్న లాంటిది. దాని ముందుమాటలోనే ఆయన ఒక గొడవ చెప్పుకున్నాడు. మొగుడి అనుమతి లేకుండా భార్య ఇంటి ఉమ్మడి సొత్తును ఎవరికీ ఇవ్వకూడదని ప్రసంగంలో చెబితే, సభలో ఉన్నవాళ్లు గట్టిగా అభ్యంతరం పెట్టారట. ఆడవాళ్లని ద్వేషిస్తున్నాడన్న మాట కూడా పడాల్సి వచ్చింది. అందుకే ఆ ముందుమాటలో ఆ నియమానికి మినహాయింపులు చేరుస్తూ సంజాయిషీ ఇచ్చుకున్నాడు.

నాకు ఈ ముందుమాట మిగతా వందల పేజీల కంటే విలువైనది. బ్లాక్‌ఫ్రయర్స్ అంటే వ్యాపారుల పేట. ఆ ఇళ్లలో ఆడవాళ్లు అంగట్లో కూర్చునేవారు, సరుకు కొనేవారు, అప్పులు వసూలు చేసేవారు. వాళ్లకి ఈ నియమం ఆచరణలో కుదరదని తెలుసు. చెప్పారు. ఆయన విన్నాడు, ఎంతో కొంత తగ్గాడు కూడా.

యాన్ క్లిఫర్డ్ సంగతి చూడండి. తండ్రి ఆస్తి తనకి కాకుండా బాబాయికి పోతే ఒప్పుకోలేదు. 1617 జనవరిలో సాక్షాత్తు రాజు జేమ్స్ పిలిపించి, మొగుడు పక్కనే ఉండగా, నా తీర్పుకి కట్టుబడతావా అని అడిగితే, వెస్ట్‌మోర్లాండ్‌లోని తండ్రి భూముల్ని బతికుండగా వదలనని చెప్పింది. మొగుడు, రాజు, ఆర్చిబిషప్ అందరూ ఒకవైపు, ఆమె ఒకవైపు.

లా_పాయింట్

క్లిఫర్డ్‌ని అందరూ ఉదాహరణగా తెస్తారు. ఆమె ఎర్ల్ (పెద్ద జమీందారీ ప్రభువు) కూతురు, ఎర్ల్ భార్య. రాజు ముందు కాదనగలిగిందంటే ఆ పుట్టుక ఒక కారణం. పైగా ఆమె పట్టుదల వల్ల భూములు రాలేదు. 1643లో బాబాయి కొడుకు మగ వారసుడు లేకుండా చనిపోయాడు కాబట్టి వచ్చాయి. పాతికేళ్లకు పైగా ఆగింది. ఆమె ధైర్యం మీద నాకు గౌరవం ఉంది, కానీ ఆమె కేసులో గెలిచింది వారసత్వ క్రమం.

గౌజ్ ముందుమాట మాత్రం మంచి సాక్ష్యం. ఒప్పుకుంటున్నాను.

నిశిరాత్రి

మీ ఇద్దరి మధ్యలో నా కోర్టు కాగితాలు పెడతాను. లా_పాయింట్ గారు కామన్ లా గురించి చెప్పింది నిజమే, అయితే అది ఒక్కటే కోర్టు కాదు. చర్చి కోర్టులో పెళ్లయిన ఆడది సొంతంగా దావా వేయొచ్చు. లండన్‌లో వేశారు, గుంపులు గుంపులుగా వేశారు. ఎక్కువ భాగం పరువు నష్టం కేసులు. పక్కింటామె వీధి గుమ్మంలో నిలబడి "లంజ" అని అరిచింది, నలుగురూ విన్నారు, నా పేరు పోయింది అని. లారా గోయింగ్ పరిశోధన ప్రకారం 17వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో లండన్ పరువు నష్టం కేసుల్లో ఆడవాళ్లే ఎక్కువ.

ఆ వాంగ్మూలాలు చదువుతుంటే రోజు గడిచే తీరు కళ్లకు కడుతుంది. సాక్షి ఎక్కడున్నావంటే గుమ్మంలో కూర్చుని లేసు అల్లుతున్నాను అంటుంది. ఇంకొకామె బావి దగ్గర, మరొకామె పసిపిల్లకి పాలిస్తూ కిటికీలోంచి వింది. మూసిన తలుపుల వెనక ఉండాల్సిన ఇల్లాలు ఇక్కడ రోజంతా సగం వీధిలోనే ఉంది.

అయితే ఇందులో చేదు నిజం కూడా ఉంది. వాళ్లు ఆ కోర్టుకి తెచ్చింది స్వెట్నమ్‌లు వాడిన మాటలనే. ఆడదాని పరువంటే శీలం ఒక్కటే అన్న నియమాన్ని వాళ్లు కాదనలేదు. దాన్నే ఆయుధం చేసుకుని ఇంకో ఆడదాని మీద విసిరారు. పాటించారా, ధిక్కరించారా అన్న ప్రశ్నకి వీళ్ల దగ్గర ఒక్క ముక్కలో జవాబు దొరకదు.

సీతమ్మధార

నమస్కారం అందరికీ. వంటింటి వైపు నుంచి ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి నేను వస్తున్నాను.

స్వెట్నమ్ తిట్ల పుస్తకం వచ్చిన అదే 1615లో జర్వేజ్ మార్కమ్ ఇంగ్లిష్ ఇల్లాలి పుస్తకం వచ్చింది. సోమరులని ఒకాయన తిడుతుంటే, ఇంకొకాయన ఇల్లాలికి రావాల్సిన పనులు చెప్పుకొచ్చాడు: జ్వరాలకి మందులు కట్టాలి, వంట చేయాలి, అత్తర్లు, అరకులు బట్టీలో దించాలి, ఉన్ని వడకాలి, రంగు వేయాలి, పాలు, వెన్న, చీజు చూడాలి, బార్లీ మొలకెత్తించాలి, బీరు కాచాలి, రొట్టె కాల్చాలి. ఇంటిల్లిపాదీ బీరు తాగే రోజులు, అది పూర్తిగా ఆడవాళ్ల చేతి పని. ఇంత పని చేసే మనిషిని సోమరి అనడానికి ఎంత గుండె ఉండాలి!

ఈ విద్య మార్కమ్‌కి ఎక్కడిది? ఇందులో చాలాభాగం ఒక గొప్పింటి కౌంటెస్ దగ్గరున్న రాతప్రతిలోది అని పుస్తకంలోనే ఒప్పుకున్నాడు. ఆడవాళ్లు చేత్తో రాసుకుని తల్లి నుంచి కూతురికి ఇచ్చుకున్న వంటలు, మందుల పుస్తకాలు అక్కడి లైబ్రరీల్లో ఇప్పటికీ బోలెడు ఉన్నాయి. ఫలానా అత్త చెప్పిన దగ్గు మందు, ఫలానా దొరసాని చెప్పిన పుడ్డింగు, పక్కనే "చేసి చూశాను, పనిచేసింది" అన్న గుర్తు. అచ్చులోకి వచ్చేసరికి ఆ పేర్లు పోయి మార్కమ్ పేరు మిగిలింది.

ఇలాంటి ఇంటిపనుల పుస్తకాన్ని ఆడదే రాసి తన పేరుతో అచ్చులోకి తేవడానికి 1661 దాకా ఆగాలి. హన్నా వూలీ. బడిపంతులు భార్య, మొగుడితో కలిసి ఎసెక్స్‌లోని న్యూపోర్ట్‌లో, తర్వాత హాక్నీలో బడి నడిపింది. వంటలు, మందులు, నిల్వ పచ్చళ్లు, ఇంటి అలంకరణ మీద ఆమె పుస్తకాలు బాగా అమ్ముడుపోయాయి. 1670 నాటి క్వీన్-లైక్ క్లోజెట్ వాటిలో పెద్దది. పుస్తకాలతో పాటు తన పాఠాల గురించి, మందుల గురించి కూడా ప్రచారం చేసుకునేది. మొగుడు పోయినవాళ్లు, ఆస్తి లేనివాళ్లు పెద్దిళ్లలో పనికి కుదరడానికి ఏమేం నేర్చుకోవాలో వివరంగా రాసింది. 1640ల అంతర్యుద్ధంలో చితికిపోయిన కుటుంబాల ఆడపిల్లలు ఆమె మనసులో ఉన్నారు.

ఇక నాకు కోపం తెప్పించే విషయం. ఆమె పేరు వాడితే పుస్తకం అమ్ముడుపోతుందని డోర్మన్ న్యూమన్ అనే ప్రచురణకర్త 1673లో మర్యాదల పుస్తకం ఒకటి ఆమె పేరుతో వేశాడు. తన రాతని వేరేవాళ్ల చేత మార్పించి వేశాడని ఆమె 1674లో తన తర్వాతి పుస్తకంలో మొత్తుకుంది. ఇవాళ్టికీ ఆమె జీవితకథ, ఆమె "మాటలు" అని చెలామణి అయ్యేవాటిలో చాలా ఆ దొంగ పుస్తకంలోనివే. ఆడవాళ్లకి చదువు చెప్పించకపోవడం మీద అందులో ఉన్న ఘాటైన వాక్యాలు స్త్రీవాద సంకలనాల్లో కూడా ఆమె పేరుతోనే కనిపిస్తాయి. మంచి వాక్యాలే కావచ్చు. కానీ ఆమె నావి కావంటుంటే ఆ మాట వినాలి కదా.

వరంగల్_కుర్రాడు

సీతమ్మధార అక్కా, మందులు కట్టాలి అన్నారు కదా, నిజంగా వైద్యం చేసేవారా, లేక పుస్తకంలో రాశారంతేనా?

సీతమ్మధార

నిజంగానే చేసేవారు తమ్ముడూ. యార్క్‌షర్‌లోని హాక్‌నెస్‌లో మార్గరెట్ హోబీ అనే ఆమె 1599 నుంచి 1605 దాకా డైరీ రాసింది. ఇంగ్లిష్‌లో ఒక స్త్రీ రాసినవాటిలో మనకి దొరికిన తొలి డైరీల్లో అదొకటి. ప్రార్థన, తర్వాత పనివాళ్ల లెక్కలు, తర్వాత ఊళ్లోవాళ్ల గాయాలకి కట్లు, మళ్లీ ప్రార్థన. ప్రసవాలకి వెళ్లేది. 1601 ఆగస్టులో మలద్వారం లేకుండా పుట్టిన పసిబిడ్డని తెచ్చారు. దారి దొరుకుతుందేమోనని కత్తితో కోసి చూసింది. దొరకలేదు. రెండు మూడు వాక్యాల్లో రాసి ఊరుకుంది. నాకు ఆ పేజీ చదివాక చాలాసేపు ఇంకేమీ చదవబుద్ధి కాలేదు.

తర్వాత 1671లో జేన్ షార్ప్ అనే మంత్రసాని ముప్పై ఏళ్లకు పైబడ్డ తన అనుభవంతో మంత్రసానుల పుస్తకం వేసింది. ఇంగ్లిష్‌లో ఆ విషయం మీద ఒక ఆడమనిషి పేరుతో అచ్చయిన మొదటి పుస్తకం అదే. అప్పటిదాకా కాన్పుల మీద పుస్తకాలన్నీ మగవాళ్లవే.

వేకువ

చాలా రోజులుగా చదవడమే తప్ప రాయలేదు. ఈ చర్చలో ఎలిజబెత్ జోస్లిన్ పేరు లేకపోవడం చూసి ఆగలేకపోయాను.

ఆమెది బిషప్ తాతగారి ఇంట్లో పెరిగిన చదువు, భాషలు, చరిత్ర అన్నీ నేర్చుకుంది. 1622లో తొలిచూలు. కడుపులో బిడ్డ కదిలిందని తెలిసిన రోజుల్లోనే ఎవరికీ తెలియకుండా తన శవానికి కప్పే కొత్త గుడ్డ కొని దాచిందట. కాన్పులో పోతానని ఆమెకి గట్టిగా అనిపించింది. పుట్టబోయే బిడ్డకి బుద్ధులు చెబుతూ ఒక పుస్తకం రాయడం మొదలుపెట్టింది. అక్టోబరులో కూతురు పుట్టింది. తొమ్మిది రోజులకి ఆమె పోయింది. పుస్తకం అసంపూర్తిగా బల్లలో దొరికింది, 1624లో అచ్చయింది, ఎన్నోసార్లు మళ్లీ అచ్చయింది.

అందులో మొగుడికి రాసిన ఉత్తరం ఉంది. బిడ్డ ఆడపిల్లయితే బైబిలు, ఇంటిపని, రాయడం, మంచి పనులు చాలు, అంతకు మించి చదువు అక్కర్లేదు అంటుంది. అంత చదువుకున్న మనిషి! ఇతరుల్లో ఆ చదువుని మెచ్చుకుంటూనే, తన కూతురి దగ్గరకి వచ్చేసరికి భయపడింది. చివర్లో మళ్లీ, చదువుకున్న కూతురే కావాలని మీకుంటే మీ ఇష్టం అని మొగుడికే వదిలేసింది.

అచ్చు పుస్తకాల ప్రభావం గురించి మీరంతా వాదిస్తున్నారు. చూడండి, ఆ ప్రభావం ఇంత లోపలికి వెళ్లింది. చావు ముందు కూర్చుని, తనకి సంతోషం ఇచ్చినదాన్ని కూతురికి ఇవ్వడానికి జంకింది. అలాగే, ఆడది అచ్చులో మాట్లాడకూడదన్న కాలంలో ఆమె గొంతు అచ్చులోకి రాగలిగిందంటే చనిపోయిన తల్లి కావడం వల్లే. 1616లో డోరతీ లీ రాసిన తల్లి దీవెన పుస్తకమూ అంతే, మొగుడు పోయాక కొడుకుల కోసం రాసింది. తల్లిగా అయితే బుద్ధి చెప్పొచ్చు. ఆ ఒక్క సందులోంచి ఎంతమంది బయటికి వచ్చారో.

పాతకాగితం

వేకువ గారూ, ఈ చర్చ మొదలుపెట్టినందుకు నాకు దక్కిన మంచి టపా ఇది. జోస్లిన్ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. పుస్తకాలు పాటించారా లేదా అని అడిగేటప్పుడు, మనసులో ఎంత నాటుకుంది అన్నది విడిగా చూడాలి.

నిశిరాత్రి

@వరంగల్_కుర్రాడు నాకు విడిగా సందేశం పెట్టారు, అందరికీ పనికొస్తుందని ఇక్కడే రాస్తున్నాను. ప్రశ్న: మగవాళ్ల నడవడి మీద పుస్తకాలు లేవా?

బోలెడు ఉన్నాయి. రిచర్డ్ బ్రాత్‌వెయిట్ 1630లో ముందు పెద్దమనిషి పుస్తకం వేసి, 1631లో దొరసాని పుస్తకం వేశాడు. గౌజ్ కూడా మొగుళ్ల బాధ్యతలకి చాలా పేజీలు ఇచ్చాడు, మొగుడు భార్యని కొట్టకూడదని గట్టిగా వాదించాడు. ఇంటిని అదుపులో పెట్టలేని మగవాడిని పాటల్లో ఏకిపారేసేవారు. పెళ్లాం చేత దెబ్బలు తిన్నాడని తెలిస్తే ఊరంతా గిన్నెలు, పళ్లాలు మోగిస్తూ, ఎవరినో గుర్రం మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి ఊరేగించేవారు. అవమానం ఇద్దరికీ.

1620లో ఈ మగ, ఆడ గొడవ శిఖరానికి చేరింది. దుస్తుల మీద పాత చట్టాలు 1604లోనే రద్దయ్యాయి, కాబట్టి చట్టంతో ఆపే వీల్లేదు. జనవరిలో రాజు జేమ్స్ బిషప్ ద్వారా లండన్ మతగురువులకి కబురు పంపాడు: ఆడవాళ్లు వెడల్పాటి టోపీలు, మగవాళ్ల మాదిరి చొక్కాలు వేసి, జుట్టు కత్తిరించుకుని, నడుముకి చిన్న బాకులు పెట్టుకుని తిరుగుతున్నారు, ప్రసంగాల్లో దుమ్మెత్తి పోయండి అని. కొద్ది రోజుల్లోనే మగరాయుడి వేషాల ఆడవాళ్లని తిడుతూ ఒక చిన్న పుస్తకం, వెంటనే దానికి జవాబుగా ఇంకొకటి. రెండోదానిలో మగ వేషపు ఆడది, ఆడ సోకుల మగవాడు ఎదురెదురుగా కూర్చుని వాదించుకుంటారు. ఆచారం అన్నది తెలివిలేనిది, దాని వెనక నేనెందుకు నడవాలి అని ఆమె అంటుంది. చదువుతుంటే ఒళ్లు పులకరిస్తుంది. చివరికి మాత్రం, మీరు మళ్లీ మగవాళ్లలా ఉంటే మేమూ ఆడవాళ్లలా ఉంటాం అని రాజీకొస్తుంది. ఎవరు రాశారో పేరు లేదు. నా అంచనా, రాసింది ఆడమనిషి అయ్యే అవకాశం తక్కువ. ఆ రాజీలో ప్రచురణకర్త చెయ్యి కనిపిస్తుంది నాకు.

లా_పాయింట్

పేరు లేని రాతల మాట వచ్చింది కాబట్టి ఒక మంచి ఉదాహరణ. 1691 మార్చిలో జాన్ డంటన్ అనే పుస్తకాల వ్యాపారి ఎథీనియన్ మెర్క్యురీ అని పత్రిక పెట్టాడు. ఒక కాగితానికి రెండు వైపులా అచ్చు, ధర ఒక పెన్నీ. పాఠకులు పేరు చెప్పకుండా ఒక కాఫీ హౌస్‌కి ఉత్తరం రాస్తే పండితుల సంఘం జవాబిస్తుంది. ఆ సంఘం అంటే డంటన్, అతని తోడల్లుడు, ఇంకో ఒకరిద్దరు. నెలకొక సంచిక ఆడవాళ్ల ప్రశ్నలకి కేటాయిస్తామని ప్రకటించాడు. ఇష్టం లేని పెళ్లికి తండ్రి బలవంతం చేస్తే ఏం చేయాలి, ఇచ్చిన మాట తప్పిన ప్రియుడిని వదిలేయొచ్చా, ఆడవాళ్లు చదువుకోవడం తగునా, ఇలాంటివి. చదువు విషయంలో జవాబు ఆడవాళ్ల పక్షానే వచ్చింది.

ఎలిజబెత్ సింగర్ అనే అమ్మాయి కవితలు అందులో పేరు లేకుండానే వచ్చాయి. తర్వాత ఎలిజబెత్ రోవ్‌గా పెద్ద పేరు తెచ్చుకుంది. 1694లో మేరీ ఆస్టెల్ ఆడవాళ్ల కోసం విద్యాలయం కావాలని ప్రతిపాదన అచ్చు వేసింది. ఎనభై ఏళ్ల కిందట వంకర ఎముక దగ్గర మొదలైన గొడవ ఇక్కడికొచ్చింది. అయినా పెళ్లయిన ఆడదాని ఆస్తి చట్టం మాత్రం ఆ ఎనభై ఏళ్లలో పెద్దగా కదల్లేదు, అది మర్చిపోకండి.

బందరు_తీరం

నేను సాహిత్యం మనిషిని కాదు, మా ఇంట్లో కలంకారీ అద్దకం పని. దుస్తుల మీద తిట్లు అన్నారు కాబట్టి మా ఊరి వైపు నుంచి ఒక మాట.

1611లో ఇంగ్లిష్ కంపెనీ ఓడ గ్లోబ్ మా తీరానికి వచ్చింది, మచిలీపట్నంలో వాళ్ల వ్యాపార స్థావరం పెట్టుకున్నారు. అప్పుడు గోల్కొండ కుతుబ్ షాహీల ఏలుబడి. చిరివేరు ఎరుపుతో, నీలితో రంగులద్దిన మా తీరపు బట్ట ఎన్నిసార్లు ఉతికినా వెలిసేది కాదు. 17వ శతాబ్దం చివరికి లండన్‌లో దొరసాని నుంచి పనిమనిషి దాకా అద్దకం బట్ట వేసుకోవడం మొదలుపెట్టారు. ఉన్ని, పట్టు నేసేవాళ్లకి కడుపు మండింది. అచ్చులో ఆడవాళ్ల మీద విరుచుకుపడ్డారు: ఫ్యాషన్ పిచ్చితో దేశాన్ని ముంచుతున్నారు, యజమానురాలెవరో పనిమనిషెవరో తెలియకుండా పోతోంది అని. 1719 వేసవిలో లండన్ నేతపేట స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్లు లండన్ వీధుల్లో అద్దకం గౌను వేసుకున్న ఆడవాళ్లని పట్టుకుని, ఒంటి మీద బట్ట చింపేశారు, సిరా, యాసిడ్ పోశారు.

ఇది తెలిసినప్పటి నుంచి ఒకటే బాధ. మా తాతముత్తాతలు అద్దిన గుడ్డ వేసుకున్నందుకు ఆ ఆడవాళ్లకి ఆ గతి పట్టిందా?

నిశిరాత్రి

బందరు_తీరం గారూ, మీరు చెప్పింది సరైన చోటే తగిలింది. ఒక్క వివరం చేర్చాలి. అద్దకం వేసిన ఆసియా బట్టని ఇంగ్లండ్‌లో వాడకుండా 1701 నుంచే నిషేధించారు. తెల్ల బట్ట మాత్రం రావచ్చు. దాంతో ఇండియా తెల్ల బట్ట తెప్పించుకుని లండన్ చుట్టుపక్కలే అచ్చేయడం పెరిగింది. కాబట్టి 1719లో చిరిగిన గౌన్లలో చాలావాటి నూలు మన దేశానిది, అద్దకం అక్కడిది అయి ఉండొచ్చు. చాటుగా వచ్చిన అద్దకం బట్టా ఉండేది. కోరమాండల్‌తో (మన తూర్పు తీరంతో) పాటు బెంగాల్, గుజరాత్ సరుకూ కలిసే ఉండేది.

ఆ గొడవలో అచ్చు పాత్ర గురించి మీరు అన్నది నిజం. రాబిన్సన్ క్రూసో రాసిన డేనియల్ డిఫో 1719లో నేతగాళ్ల తరఫున ఏకంగా ఒక పత్రికే నడిపాడు. అంతకు ముందే, 1708లో, నేల మీద పరిచే బట్ట ఇప్పుడు దొరసానుల ఒంటి మీదికెక్కిందని ఎద్దేవా చేసి ఉన్నాడు. చివరికి 1721లో చట్టం వచ్చింది, 1722 క్రిస్మస్ నుంచి అమలు. అద్దిన నూలు బట్ట ఒంటి మీద వేసుకున్నా, ఇంట్లో పరుపుకో కుర్చీకో వాడినా జరిమానా. మస్లిన్‌కి, మొత్తం నీలంలో ముంచిన బట్టకి మినహాయింపు. 1774 దాకా ఇది నడిచింది.

లా_పాయింట్

వినండి పాతకాగితం గారూ. 1604లో దుస్తుల చట్టాలు పోయాయి అన్నారు నిశిరాత్రి గారు. 1721లో ఇంకో దారిన వెనక్కి వచ్చాయి. మధ్యలో వందేళ్ల తిట్ల పుస్తకాలు ఉన్నాయి. అవి ఉత్త అమ్మకపు సరుకైతే చట్టసభ దాకా ఎలా చేరాయి?

పాతకాగితం

నేతగాళ్ల ఆకలి వల్ల చేరాయి, ఉన్ని వ్యాపారుల పలుకుబడి వల్ల చేరాయి. తిట్ల పుస్తకాలు వాళ్లకి సిద్ధంగా ఉన్న భాషను ఇచ్చాయి. మగవాళ్లు కూడా ఆ బట్ట వేసుకున్నారు కదా, ఇంట్లో తీరిగ్గా తొడుక్కునే పొడవు అంగీలు. వాళ్లనెవరైనా వీధిలో పట్టుకుని చింపారా? ఆడదాన్ని తిట్టడం అప్పటికే అలవాటైన పని కాబట్టి చెయ్యి అటే లేచింది. ఈ మాత్రం మీ వాదన నేను తీసుకుంటాను: ఆ భాష లేకపోతే ఆ చెయ్యి అంత తేలిగ్గా లేచేది కాదు.

ఇంకో విషయం కూడా ఉంది. 1721 తర్వాత కూడా ఆడవాళ్లు ఆ బట్ట వేసుకోవడం పూర్తిగా మానలేదు. జరిమానాలు పడుతూనే ఉన్నాయి. లండన్ అనాథ పిల్లల ఆశ్రమం 1741 నుంచి పిల్లల్ని తీసుకోవడం మొదలుపెట్టింది. బిడ్డని వదిలిన తల్లి మళ్లీ వస్తే గుర్తుపట్టడానికి గుడ్డ ముక్కలు రిజిస్టరుకి గుచ్చి ఉంచారు. వేల ముక్కలు ఇప్పటికీ ఉన్నాయి, వాటిలో పువ్వుల అచ్చు బట్టలు బోలెడు. చాలావరకు పేదిళ్ల బట్టలే.

బందరు_తీరం

నిశిరాత్రి గారూ, ఆ గుడ్డ ముక్కల ఫొటోలు ఎక్కడైనా చూడొచ్చా? రంగు చూస్తే చిరివేరు ఎరుపో, ఐరోపా మంజిష్ఠ ఎరుపో మా నాన్నగారు కొంతవరకు చెప్పగలరు.

నిశిరాత్రి

రిజిస్టర్లు లండన్ నగర ఆర్కైవ్స్‌లో ఉన్నాయండి. వాటి మీద జాన్ స్టైల్స్ అనే చరిత్రకారుడు పెద్ద ప్రదర్శన పెట్టారు, బొమ్మలతో పుస్తకం కూడా వచ్చింది. స్కాన్లు సంపాదించి ఇక్కడే పెడతాను. నాన్నగారిని చూడమనండి. అయితే ఫొటోలో ఎరుపు కొంచెం మారుతుంది, అందుకని బట్ట వెనక వైపు తీసినవి కూడా దొరుకుతాయేమో అడుగుతాను.